మన రాష్ట్రం పుట్టినరోజు ఏది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఆ లెక్కలో ఎవరికీ పేచీ లేదు. మన రాష్ట్రం వయసెంత అని అడిగితే మాత్రం ఈ సభలోనే మూడు జవాబులు వస్తాయి. 1953 అక్టోబరు 1 అంటారు కొందరు. 1956 నవంబరు 1 అంటారు మరికొందరు. ఇప్పుడున్న రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడిందే కదా అంటారు పిల్లలు. ప్రభుత్వాలదీ ఒక్క మాట కాదు. విభజన తర్వాత జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిపారు. 2019లో మళ్లీ నవంబరు 1న అవతరణ దినోత్సవం చేశారు.

మన గుంటూరు వైపు చెప్పుకునే కథ కల కన్నవాళ్ల కథ. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15న ప్రాణం వదిలారు. నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన వచ్చింది. మరుసటి ఏడాది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. మరి మూడేళ్లకు విశాలాంధ్ర. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది సగం కథే.

మిగతా సగం కాగితం అడిగినవాళ్లది. మద్రాసు నుంచి విడిపోతే కోస్తావాళ్ల పెత్తనం కింద పడతామని రాయలసీమ పెద్దలు భయపడ్డారు. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒడంబడిక రాసుకున్నారు. నీళ్లలో సీమకు ముందు వాటా, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు అందులో ఉన్నాయి. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు రావడానికి మూలం ఆ ఒడంబడికే. 1956లో రెండూ హైదరాబాదుకు వెళ్లిపోయాయి.

తెలంగాణ కథా అలాంటిదే. ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని 1952లోనే అక్కడ ముల్కీ ఉద్యమం లేచింది. ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో తెలంగాణను ప్రస్తుతానికి విడిగా హైదరాబాదు రాష్ట్రంగా ఉంచాలంది. 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపవచ్చంది. అంతకాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలని అందులో ఉంది. తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేరు.

ఇటువైపు వాళ్లు దీనికి బదులుగా ఒక లెక్క చూపిస్తారు. 1955 డిసెంబరులో హైదరాబాదు శాసనసభలో అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రకు అనుకూలం. లెక్క నిజమే. ఆ 103 మందిలో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ ఉన్నారన్నదీ నిజమే. తెలంగాణ సభ్యుల్లోనూ ఎక్కువమంది విలీనానికే మొగ్గారన్నదీ నిజమే. ఒక్కొక్కరు తమకు పనికొచ్చే నిజం దగ్గర ఆగిపోతారు. పేచీ అక్కడే మొదలవుతుంది.

మనం కూడా ఎప్పుడూ ఒకే మాట మీద లేం. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పగానే, విడిపోతామని జై ఆంధ్ర అన్నది మన కోస్తాయే. చదువులు నెలల తరబడి ఆగిపోయాయి. ఆ రోజులు చూసిన అన్నలు, అక్కలు ఈ సభలో ఉన్నారు. 2009 తర్వాత అదే కోస్తా సమైక్యాంధ్ర అంది. 1972ను దాచిపెట్టి 2009ని మాత్రమే పిల్లలకు చెబితే వాళ్లకు ఇచ్చేది చరిత్ర కాదు, పగ.

దీనికి రోజూ మన కళ్ల ముందుండే సాక్ష్యం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాడు కృష్ణకు ఈ గట్టు ఆంధ్ర రాష్ట్రం, ఆ గట్టు హైదరాబాదు రాష్ట్రం. రెండు రాష్ట్రాలు కలిసి మొదలుపెట్టిన పని అది. దాని కుడి కాలువ నీళ్లే మన పల్నాడు పొలాలకు వస్తున్నాయి. 2023 నవంబరు చివర అదే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్లలో ఎవరికీ 1955 గుర్తు లేకపోవచ్చు. మన పిల్లలకు ఉండాలి. రేపు నీళ్ల పంచాయితీలో కూర్చోవలసింది వాళ్లే.

కాబట్టి సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలోంచి బడి గ్రంథాలయానికి ఒక అల్మారా ఇవ్వండి. శ్రీబాగ్ ఒడంబడిక, ఫజల్ అలీ నివేదిక, పెద్దమనుషుల ఒప్పందం, ఇటు పక్షం పుస్తకాలు, అటు పక్షం పుస్తకాలు ఒకే అరలో పక్కపక్కన పెట్టండి. పదో తరగతి పిల్లలు వాటిని చదివి, మాస్టారి ఎదుట వాదించుకోనివ్వండి. పుట్టినరోజు ఏదో తేల్చమని వాళ్లను అడగొద్దు. ఒక్కో తేదీని ఎంచుకున్నవాళ్లు ఏం చెప్పారో, ఏం వదిలేశారో రాయమనండి చాలు.