ఎన్విరాన్‌మెంటల్ సైన్స్: ఏ కోర్సు, ఏ పరీక్ష, ఎప్పుడు?
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో ఒకే ఒక చదువు గురించి మాట్లాడతాను. అందుకు కారణం నేను చేసిన పొరపాటు. మన సాయంతో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతున్న ఒకమ్మాయి మొన్న జనవరిలో నా దగ్గరికొచ్చింది. "చాచా, ఢిల్లీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ చేయాలని ఉంది, ఇప్పుడే అప్లై చేయాలా?" అని అడిగింది. "ముందు డిగ్రీ పూర్తి చెయ్యమ్మా, రిజల్ట్స్ వచ్చాక చూద్దాం" అన్నాను. జూన్‌లో మళ్లీ వచ్చింది. అప్పటికి పరీక్ష జరిగిపోయి మూడు నెలలు. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అందుకే మొదట తేదీల సంగతి. జేఎన్‌యూ లాంటి సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ సీటుకు సీయూఈటీ పీజీ రాయాలి. ఈమధ్య ఏళ్లలో దరఖాస్తులు డిసెంబరు, జనవరి ప్రాంతంలో మొదలై, పరీక్ష మార్చిలో జరుగుతోంది. డిగ్రీ చేతికి రానక్కర్లేదు, ఆఖరి ఏడాదిలో ఉంటే చాలు. మన ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, తెలంగాణలో ఉస్మానియాకు సీపీగెట్. ఇవి వేసవిలోనో, ఆ తర్వాతో వస్తాయి. రాష్ట్రం పరీక్ష ఇంకా ఉంది కదా అని కూర్చుంటే ఢిల్లీ బండి ముందే వెళ్లిపోతుంది.

ఇక పేర్ల గందరగోళం. ఒక భాయ్ "మావాడు బైపీసీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చేయిస్తా" అన్నాడు. ఇంజినీరింగ్ వేరు, సైన్స్ వేరు. ఆ బీటెక్‌కు ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. బైపీసీ పిల్లలకు బీఎస్సీ, ఆపైన ఎమ్మెస్సీ దారి. ఎంటెక్‌కు గేట్ రాయాలి. అందులో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్‌కు ప్రత్యేకంగా పేపరు పెట్టారు. చాలాచోట్ల బీటెక్ అడుగుతారు, కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ వాళ్లనూ తీసుకుంటాయి. పరిశోధన చేయాలనుకుంటే యూజీసీ నెట్‌లోనూ ఈ సబ్జెక్టు ఉంది. ఎమ్మెస్సీకి కూడా ఏ డిగ్రీ సబ్జెక్టులు, ఎన్ని మార్కులు అన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది. పక్కింటివాళ్లు చెప్పారని కాకుండా ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదవండి.

ప్రైవేటు కాలేజీల బ్రోషర్లు రంగురంగుల్లో ఉంటాయి. వెళ్లినప్పుడు క్యాంటీన్ కాదు, ల్యాబ్ చూడండి. నీటిలో కాలుష్యం తేల్చే బీఓడీ పరీక్షకు శాంపిల్‌ను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఆ ఇంక్యుబేటర్ పనిచేస్తోందా, పిల్లల చేత చేయిస్తున్నారా అని అడగండి. రేపు ఫార్మా కంపెనీలోనో, టెస్టింగ్ ల్యాబ్‌లోనో ఉద్యోగానికి వెళితే అడిగేది ఆ చేతిపనే. ల్యాబ్ లేనిచోట లక్షలు పోయడం నాకైతే ఇష్టం లేదు.

అన్నిటికన్నా మనవాళ్లు దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్రంలో బీసీ-ఈ కింద మనకు 4 శాతం ఉంది. ఆ కాగితమే సెంట్రల్ యూనివర్సిటీలో ఓబీసీగా చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. అక్కడ కేంద్రం జాబితాలో మన కులం పేరుండాలి. రెండు జాబితాలూ ఒకటి కావు. దూదేకులవారు కేంద్రం జాబితాలో ఉన్నారు. అందులో లేనివాళ్లు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే, ఈడబ్ల్యూఎస్‌కు అర్హత ఉందేమో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోవాలి. పొలం, ఇల్లు లెక్కలు కూడా చూస్తారు. పైగా అది ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరానికే. పాతది పెట్టెలోంచి తీసి ఇస్తే కుదరదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మన రాష్ట్రంలోనే ఎమ్మెస్సీలో చేరింది, బాగానే చదువుతోంది. డిసెంబరు మొదటి ఆదివారం నుంచి ప్రతి ఆదివారం జొహర్ నమాజు తర్వాత నేను సొసైటీ ఆఫీసులో ఉంటాను. ఆధార్, మార్కుల మెమోలు, కులం, ఆదాయం కాగితాలు తెచ్చుకోండి, ఫారం అక్కడే నింపుదాం. సెలవులకు వచ్చినప్పుడు తనూ పక్కన కూర్చుంటానంది. నేను తప్పు చెబితే సరిదిద్దుతుందట.