పదిమంది కూర్చున్న బల్ల

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా ఏర్పాటైన ఆరోగ్య సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం తెలిసి మిత్రురాలొకరు, "ఉత్సవం నాడు ఆ ప్రేగుల మాట, మలం మాట ఎందుకమ్మా? మధుమేహం గురించి చెప్పరాదా?" అని మందలించారు. రోగాలలో కూడ మర్యాదస్థులు, మర్యాద తెలియనివారు అని రెండు తెగలున్నట్లు నాకప్పుడే తెలిసింది. ఆ మాట ఎత్తలేకనే నేను ఏడు నెలల కాలం చేజార్చుకున్నాను. కనుక ఈ రోజు దానినే ఎత్తుతున్నాను. నాకు పెద్దప్రేగు క్యాన్సరు వచ్చింది. మరింత సరిగా చెప్పాలంటే, పెద్దప్రేగు చివర పన్నెండు, పదిహేను సెంటీమీటర్ల పొడవుండే పురీషనాళంలో వచ్చింది.

నేను జీవశాస్త్రం బోధించినదానను. జీర్ణవ్యవస్థ పటాన్ని నల్లబల్లకు తగిలించి, బెత్తంతో అన్నవాహిక నుండి పాయువు వరకు ఎన్ని తరగతులకు చూపించానో లెక్క లేదు. అయినా 2021 చివరలో విరేచనంలో రక్తం కనబడినప్పుడు, మొలలు అనుకున్నాను. మనం మొలలంటాం, ఇక్కడి తమిళ సోదరులు మూలం అంటారు. పేరు ఏదైనా పక్కింటి వైద్యం ఒకటే. మజ్జిగ త్రాగాను. తుత్తి ఆకు, అంటే మన తుత్తురబెండ, నెయ్యిలో వేయించి తిన్నాను. కంద పులుసు తిన్నాను. రక్తం ఆగినట్లే ఆగి మళ్ళీ కనబడేది. వెళ్ళివచ్చిన తరువాత కూడ ఇంకా మిగిలినట్లే అనిపించేది. మావారికి చెప్పలేదు. 2022 జూన్‌లో, బడి తెరిచిన వారంలో, మేడమెట్లు ఎక్కుతూ కళ్ళు తిరిగి పడ్డాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడుకు దిగి ఉన్నది.

మొదట వెళ్ళిన వైద్యశాలలో పెద్దప్రేగును గొట్టంతో పరీక్షించి, ముక్క తీసి, క్యాన్సరని తేల్చారు. సి.టి. స్కాన్‌లో కాలేయం మీద ఒక మచ్చ కూడ కనబడింది. అక్కడి శస్త్రచికిత్సకులు పేరున్నవారే. గురువారం నాడు ఆపరేషన్ చేస్తామన్నారు. మలద్వారం మూసివేసి, జీవితాంతం పొట్టపై సంచి పెట్టవలసి ఉంటుందన్నారు. కాలేయానికి ప్రాకింది కనుక ఆపైన దైవాధీనమన్నారు. అంతా పది నిమిషాలలో ముగిసింది. మేము సరేనన్నాము. డబ్బు కూడ కట్టాము. మా అన్నయ్య మాత్రం వినలేదు. "పిల్లవాణ్ణి తరగతి దాటించడానికే నువ్వు పదిమంది టీచర్లను కూర్చోబెడతావే! నీ ప్రాణానికి ఒక్కరు చాలా?" అని మమ్మల్ని మరొక వైద్యశాలకు తీసుకొని వెళ్ళాడు.

అక్కడి డాక్టరుగారు కాగితాలన్నీ చూసి, "బుధవారం మా సమావేశం ఉన్నదమ్మా. అందరం చూశాక చెబుతాం" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఒకాయన మరునాడే కోస్తానంటే, ఈయన వారం ఆగమంటాడే అని. క్యాన్సరు అన్న మాట విన్న మనిషికి ఒక్కొక్క గంట ఎంత పొడవుగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు.

ఆ సమావేశంలో ఏం జరిగిందో తరువాత అందులో కూర్చున్న యువ వైద్యురాలు నాకు వివరించింది. శస్త్రచికిత్సకులు, మందులతో క్యాన్సరుకు చికిత్స చేసే వైద్యులు, రేడియేషన్ వైద్యులు, ప్రేగుల పరీక్ష చేసే వైద్యులు, స్కాన్‌లు చదివే రేడియాలజిస్టు, ముక్కను సూక్ష్మదర్శినిలో చూసే పేథాలజిస్టు, స్టోమా నర్సు, ఇంకా ఒకరిద్దరు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. నా సి.టి. చిత్రాలు తెరపై వేశారు. నన్ను కంటితో చూడని రేడియాలజిస్టు ఒకరు, "కాలేయం మీది మచ్చ క్యాన్సరు అనిపించడం లేదు. రక్తనాళాల ముద్దలా ఉన్నది. ఎం.ఆర్.ఐ. తీసి చూడండి" అన్నారట. తీశారు. ఆయన అన్నదే నిజమైంది. పుట్టుకతోనో, ఎప్పటినుండో ఉన్న నిరపాయమైన ముద్ద అది. ఆ ఒక్క వాక్యంతో నేను నాలుగవ దశ నుండి మూడవ దశకు దిగివచ్చాను. నిజంగా ప్రాకిన సందర్భంలో కూడ ఆశ వదలనక్కరలేదని, కాలేయంలోని గడ్డలను కోసి తీసివేయగలిగినవారు కొందరు పూర్తిగా కోలుకుంటారని, దానికి కాలేయ శస్త్రచికిత్సకులు కూడ ఆ బల్ల దగ్గర ఉండాలని ఆ అమ్మాయే చెప్పింది.

రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. ఎం.ఆర్.ఐ.లో నా గడ్డ బయటి పొరకు బాగా దగ్గరగా ఉన్నది. ఈ పొర సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. పురీషనాళం చుట్టూ కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వులో లింఫ్ గ్రంథులుంటాయి, దానిమీద పలుచని తొడుగు ఉంటుంది. చింతగింజ చుట్టూ గుజ్జు, దానిమీద పొర ఉన్నట్లు ఊహించుకోండి. 1908లో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే వైద్యుడు మలద్వారంతో సహా తొలగించే పెద్ద ఆపరేషన్‌ను ప్రకటించాడు. ఎంత కోసినా చాలామందికి వ్యాధి ఉన్నచోటనే తిరిగి మొలిచేది. 1982లో బేసింగ్‌స్టోక్ పట్టణపు వైద్యుడు బిల్ హీల్డ్, గుజ్జును చీల్చకుండా ఆ తొడుగుతో పాటు మొత్తం ఒకే ముద్దగా తీయాలని చూపించాడు. 1986లో లీడ్స్ నగరపు పేథాలజిస్టు ఫిలిప్ క్వర్క్, సహచరులు, తీసివేసిన ప్రేగులను అడ్డంగా సన్నని చక్రాలుగా కోసి పరీక్షించారు. నలుగురిలో ఒకరికి మించి ప్రక్క అంచులో క్యాన్సరు మిగిలి ఉన్నదని, తిరిగి వచ్చినది ఎక్కువగా వారికేనని కనుగొన్నారు. అంటే శస్త్రచికిత్సకుడు గదిలో వదిలివచ్చినదేమిటో అతనికి చెప్పినది మరొక గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషి. పరీక్ష వ్రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఏమవుతుందో ఉపాధ్యాయులమైన మనకు వేరే చెప్పాలా!

ఈ పని అంతకుముందే మొదలైంది. 1932లో లండన్ సెయింట్ మార్క్స్ వైద్యశాలలోని పేథాలజిస్టు కథ్‌బర్ట్ డ్యూక్స్ ఈ వ్యాధిని గోడ దాటనిది, దాటినది, గ్రంథులకు చేరినది అని ఎ, బి, సి తరగతులుగా విభజించాడు. తరువాతి కాలంలో ఎం.ఆర్.ఐ. వచ్చి, పొరకు ఎంత దూరంలో గడ్డ ఉన్నదో కోయకముందే చూపించింది. అంచుకు దగ్గరైతే ముందు రేడియేషన్‌తో గడ్డను తగ్గించి, తరువాత కోయవచ్చు. ఆపరేషన్ తరువాత ఇచ్చినా అంతే కదా అంటారేమో! 2004లో వెలువడిన జర్మన్ పరిశోధనలో, ముందుగా రేడియేషన్, మందు ఇచ్చినవారిలో అయిదేళ్ళకు ఉన్నచోట వ్యాధి తిరిగి వచ్చినది నూటికి 6 మందికి. ఆపరేషన్ తరువాత ఇచ్చినవారిలో 13 మందికి. మొత్తం మీద బ్రతికినవారి సంఖ్యలో తేడా కనబడలేదన్నది కూడ చెప్పాలి. మందు అదే, కిరణం అదే, వరుస మారింది. ఆ వరుసను ఏ ఒక్క వైద్యుడూ తన గదిలో కూర్చుని నిర్ణయించలేడు. 1995లో ఇంగ్లండ్, వేల్స్ ప్రధాన వైద్యాధికారులు కెన్నెత్ కాల్మన్, డీర్డ్రి హైన్ సమర్పించిన నివేదిక క్యాన్సరు చికిత్స నిపుణుల బృందాల చేతిలో ఉండాలని చెప్పిన తరువాత, ఆ దేశంలో ఈ సమావేశాలు నియమంగా మారాయి.

మన మద్రాసుకు ఈ విషయంలో తనదైన చరిత్ర ఉన్నది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1920ల తొలి సంవత్సరాలలో తన చెల్లెలిని క్యాన్సరుకు పోగొట్టుకొని, ఆ దుఃఖాన్ని మరువక, 1954లో అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభింపజేశారు. డాక్టర్ కృష్ణమూర్తి, డాక్టర్ శాంత గారలు దానిని పెంచారు. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా ఇప్పుడు దూరపు ఊళ్ళ వైద్యులు కూడ తెరపై కలుసుకొని కష్టమైన కేసులు చర్చించుకుంటున్నారు.

నాకు 28 రోజుల రేడియేషన్ నిర్ణయించారు. శని, ఆదివారాలు సెలవు. ఉదయం, సాయంత్రం మాత్రలు. తరువాత తొమ్మిది వారాలు ఊరికే ఉండమన్నారు. మందు ఆగినా గడ్డ కరుగుతూనే ఉంటుందట. మళ్ళీ ఎం.ఆర్.ఐ., మళ్ళీ అదే బల్ల. గడ్డ పొరకు దూరంగా జరిగింది. మలద్వారం నిలుపవచ్చునన్నారు. ఆ మాట విన్న రోజున ఆటోలో ఇంటికి వస్తూ నేను, మావారు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అయితే అతుకు మానేవరకు కొన్నాళ్ళు చిన్నప్రేగును పొట్టపైకి తెచ్చి సంచి పెట్టాలి. ఆపరేషన్ ముందురోజు స్టోమా నర్సు వచ్చి నన్ను కూర్చోమన్నది, నిలబడమన్నది, వంగమన్నది. తరువాత చీర కట్టుకొని రమ్మన్నది. లోపావడా బొందు ఎక్కడ బిగుస్తుందో, కుచ్చిళ్ళు ఎక్కడ దోపుకుంటానో చూసి, ఆ చోటు తప్పించి కుడిప్రక్కన సిరాతో చుక్క పెట్టింది. పెద్ద డాక్టరుగారు మరునాడు ఆ చుక్క దగ్గరే కోశారు. ఇంత చదువుకున్న బృందంలో చీరకట్టు తెలిసిన మనిషి ఒకరుండడం ఎంత అవసరమో గమనించండి! ఆ డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు నేను ఆ సంచితోనే జరిపించాను. ఇక్కడున్న ఉపాధ్యాయులలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రార్థన సమయంలో ఒకసారి అది చప్పుడు చేసింది. ముందు వరుసలోని ఒకటవ తరగతి పాప తల ఎత్తి చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నది.

తీసిన ప్రేగును పరీక్షించిన పేథాలజిస్టు 16 గ్రంథులు వెదకి చూశారు. కనీసం 12 చూడాలన్నది నియమమట. ఒకదానిలో మాత్రమే వ్యాధి ఉన్నది, అంచులన్నీ శుభ్రంగా ఉన్నవి. ఆ ఒక్కదాని కొరకు నాలుగు నెలలు మందు ఎక్కించారు. ఆ మందుతో చన్నీళ్ళు తాకితే వేళ్ళు జిల్లుమని తిమ్మిరెక్కేవి, చాక్‌పీసు పట్టు తప్పేది. ధైర్యస్థురాలిననిపించుకోవాలని డాక్టరుగారికి చెప్పలేదు. అన్నం తింటుంటే చెంచా జారడం చూసిన నర్సు చెప్పింది. మోతాదు తగ్గించారు. బృందంలో రోగి కూడ ఒక సభ్యురాలే. నేను రెండుసార్లు నా పని సరిగా చేయలేదు.

భాష సంగతి ఒకటి చెప్పాలి. మనవాళ్ళు బాధను తెలుగులో పడతారు, తమిళంలో చెబుతారు, కాగితాలు ఇంగ్లీషులో వస్తాయి. ఈ మూడింటి మధ్య ఎంత జారిపోతుందో! మా ఎదురు వరుసలో కూర్చునే ఒక పెద్దావిడ రక్తం పడుతున్న సంగతి చెప్పడానికి మాట దొరకక కడుపునొప్పి అనేది. మాట వచ్చిన పిల్లవాడొకడు ప్రక్కన ఉంటే ఎంత మేలు! మన పూర్వ విద్యార్థులలో నర్సులు, మందుల షాపులవారు ఉన్నారు, వారికి నా విన్నపం ఇదే.

తలుపు మీద పది పేర్లున్న బోర్డు వేరు, ఆ పదిమంది ఒకచోట కూర్చోవడం వేరు. కొన్నిచోట్ల సమావేశం సంతకాల పుస్తకంగానే మిగులుతుందని వైద్యులే ఒప్పుకుంటారు. కాబట్టి అడగండి. నా సంగతి ఎవరెవరు చూశారు? ముందు కోయడమా, ముందు కిరణాలా, ఎందుకు? పేథాలజీ కాగితంలో ఏమున్నది? డబ్బు మాట ఎవరితో మాట్లాడాలి? అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందన్నది మన భయమే. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి వస్తే తోబుట్టువులు, పిల్లలు కూడ పరీక్ష చేయించుకోవాలి. నన్ను లాక్కొని వెళ్ళిన అన్నయ్యకే ఆ పరీక్షలో పిలక ఒకటి కనబడింది, అక్కడికక్కడే తీసివేశారు. క్యాన్సరు కాకముందే పోయింది.

2023 వేసవి సెలవులలో నా సంచి తీసివేశారు. తరువాత కొన్ని నెలలు రోజుకు ఎనిమిది, తొమ్మిది సార్లు వెళ్ళవలసి వచ్చేది. మన బడి మరుగుదొడ్ల స్థితి నాకు అప్పుడు బోధపడింది. ఆడపిల్లలు సాయంత్రం వరకు నీళ్ళు త్రాగకుండా ఎందుకుంటారో కూడ తెలిసింది. జూబిలీ నిధిలో తొలి ఖర్చు ఆ మరుగుదొడ్లకే అని నేను పట్టుపట్టిన కారణం కమిటీ పెద్దలు నన్ను అడిగారు. ఇదే ఆ కారణం.

నాకు చుక్క పెట్టిన స్టోమా నర్సు ఈ రోజు మన మధ్య ఉన్నారు. సభ అయ్యాక సాయంత్రం ఆరు వరకు క్రింది అంతస్తులో కుట్టుపని గదిలో కూర్చుంటారు. తెలుగు వచ్చు. తలుపుకు లోపలి గడియ వేయించాను. ఎవరికి ఏ సందేహమున్నా ఒక్కొక్కరుగా వెళ్ళి అడగవచ్చును. మగవారు కూడ.