చేతినిండా కారం, మోగే ఫోను

మామిడికాయల రోజుల్లో ఆవకాయ కలుపుతూ ఫోను ఎత్తడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. మన ఇంటిమట్టుకైతే “మళ్ళీ చేస్తారులే” అని ఊరుకుంటాం. జి. కొండూరులో తోట ఉండి, కాయలూ పచ్చళ్ళూ విజయవాడకూ హైదరాబాదుకూ పార్శిళ్ళు పంపే ఇల్లాలికి అలా కుదరదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకానే కదా ఆమె బేరమంతా! మోగి ఆగిన ఫోను ఇంకొకరి దుకాణానికి పోతుంది. పట్నంలో ఇంటిదగ్గరే పచ్చళ్ళో చీరలో అమ్ముకునే మనవాళ్ళకూ ఇదే బాధ.

ఇప్పుడు దీనికో సాధనం వచ్చింది. నాలుగైదుసార్లు మోగినా మనం ఎత్తకపోతే ఫోను కంప్యూటరుకు వెళ్ళేట్టు ఏర్పాటు చేసుకోవచ్చు. అది అవతలివారి మాటను అక్షరాలుగా మార్చుకుని, జవాబు కూర్చుకుని, తెలుగులోనే పలుకుతుంది. కృత్రిమ మేధ అంటున్నారు. దీనికి అద్దె కట్టాలి. ఏడాదికి ఒప్పుకోకుండా ముందు ఒక్క సీజను చూడడం మేలని నా ఉద్దేశం.

అయితే మన మాటలు దానికి మనమే నేర్పాలి. “కలెక్టరు కాయలున్నాయా?” అంటే తోతాపురి అని మనకు తెలుసు. యంత్రం జిల్లా కలెక్టరుగారనుకున్నా అనుకోవచ్చు! చిన్నరసాలంటే అన్నంలో పోసుకునే రసం కాదనీ రాసివ్వాలి. ఏ కాయ ఎప్పుడు కోతకొస్తుంది, పార్శిలు ఏ ఊళ్ళకు వెళుతుంది, సీసా ఎంత, అన్నీ రాసివ్వండి. ధర మారిన రోజున ఆ రాతా మార్చాలి సుమా.

రాసివ్వనిది అడిగితే ఊరుకోకుండా ఏదో కల్పించి చెప్పే గుణం కూడా దీనికుంది. “కార్బైడు వేసి మగ్గబెట్టారా?” అని ఒక తల్లి అడుగుతుంది. పసిపిల్లలకు పెట్టే పండాయె. కార్బైడును 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి కూడా. యంత్రం తనంతట తానే “లేదండీ” అనేస్తే ఆ మాటకు పూచీ ఎవరిది? కెనడాలో ఇలాంటి తగాదాయే వచ్చింది. దగ్గరివారు పోయి ప్రయాణమైన మనిషికి, టికెట్టు తగ్గింపు విషయంలో ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని జవాబుల యంత్రం తప్పు చెప్పింది. దాని మాటకు మా పూచీ లేదంది కంపెనీ. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునలు ఆ వాదన కొట్టేసి, నష్టపరిహారం ఇమ్మంది.

కాబట్టి అలాంటి ప్రశ్న వస్తే “అమ్మగారే ఫోను చేసి చెబుతారండీ” అని పేరూ నంబరూ తీసుకోమని నేర్పండి. సాయంత్రం చేతులు కడుక్కుని మీరే మాట్లాడండి. మాట్లాడుతున్నది యంత్రమనీ, మాటలు రికార్డవుతున్నాయనీ మొదటే చెప్పించడం మర్యాద. పెద్దవాళ్ళు తికమకపడితే వెంటనే మనిషికి కలిపే దారి ఉంచండి. అసలు బేరాలకు పెట్టేముందు మీ అత్తగారిచేత ఒకసారి ఫోను చేయించండి. మన యాస దానికెంత అందుతోందో ఆవిడ రెండు మాటలు మాట్లాడేసరికి తేలిపోతుంది.