పాట వచ్చే రెండు దారులు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మనలో చాలామంది ఇళ్ళలో ఒకే తీరు సమస్య. అబ్బాయో, అమ్మాయో సెలవుల్లో వచ్చి, పాటలు వినమని ఒక పెట్టె కొనిపెట్టి వెళతారు. వెనక్కి తిప్పి చూస్తే ఒకపక్క యు.ఎస్.బి. అని, మరోపక్క నెట్‌వర్క్ అని రాసి ఉంటుంది. దేనికి తీగ తగిలించాలి? ఏది మంచిది? దుకాణంలో అడిగితే ఖరీదైనదే మంచిదంటారు. పెన్షను మీద బతికే మనకు ఆ సమాధానం చాలదు. అందుచేత ఈ విషయం కాస్త విడమరచి చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

ముందుగా ఆ తీగలో వచ్చేదేమిటో తెలుసుకుందాం. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చింది. అందులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తారు. ఎడమ, కుడి రెండూ కలిపితే సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు. ఈ అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. యు.ఎస్.బి. గానీ, నెట్‌వర్క్ గానీ ఆ డాక్ దగ్గరకు అంకెలను చేర్చే దారులు మాత్రమే. తొలినాటి యు.ఎస్.బి. కూడా సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు మోయగలదు. మామూలు లాన్ తీగ 10 కోట్ల బిట్లు మోస్తుంది. కనుక దారి ఇరుకనే బాధ రెండింటిలోనూ లేదు.

ఇక యు.ఎస్.బి. సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి. చదునుగా ఉన్న రంధ్రం సాధారణంగా పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి. చతురస్రంగా ఉన్నది కంప్యూటరు నుంచి వచ్చే తీగకు. కొన్నప్పుడే ఏది ఉందో అడిగి తెలుసుకోవాలి. ఒకదాని పని రెండోది చేయదు. కంప్యూటరు నుంచి తీగ ద్వారా వచ్చే అంకెలు రైలు టైమ్‌టేబుల్ లాగా వేళకు రావలసిందే. మధ్యలో ఒక కట్ట చెడిపోతే మళ్ళీ పంపమని అడిగే ఏర్పాటు లేదు. అప్పుడే ‘టప్’మనే చప్పుడు వినిపిస్తుంది. మంచి పరికరాలలో డాక్ తన సొంత గడియారాన్ని పట్టి, ఆ లెక్కన పంపమని కంప్యూటరుకు చెబుతుంది. దీనిని ఎసింక్రనస్ పద్ధతి అంటారు. తీగ 5 మీటర్లకు మించకూడదు. కొన్ని ఇళ్ళలో కంప్యూటరులోని విద్యుత్ సందడి కూడా ఆ తీగ వెంట వచ్చి, స్పీకర్లలో సన్నని గుయ్యిమనే మోత పెడుతుంది.

నెట్‌వర్క్ దారి మనకు తెలిసిన రిజిస్టరు పోస్టు వంటిది. కట్ట చేరినట్టు రసీదు వెళ్ళాలి. చేరకపోతే మళ్ళీ పంపుతారు. పైగా పెట్టె కొంత పాటను ముందుగానే నిల్వ చేసుకుంటుంది. లాన్ తీగ 100 మీటర్ల దాకా లాగవచ్చు. కంప్యూటరు ఒక గదిలో, పాట మరో గదిలో ఉన్నా ఇబ్బంది లేదు. ఆకాశవాణి కేంద్రాల ప్రసారాలు కూడా ఇంటర్నెట్టు ద్వారా వినవచ్చు. అయితే రౌటరు ఉండాలి, పాస్‌వర్డు ఉండాలి, ఫోనులో యాప్ ఉండాలి. కరెంటు వచ్చినా నెట్ రాకపోతే ఆన్‌లైను పాట లేదు. కొన్నేళ్ళకు కంపెనీవారు ఆ యాప్‌ను నిలిపివేస్తే పెట్టె బాగున్నా సగం పనికిరాదు.

మరి వినడానికి ఏది బాగుంటుంది? రెండూ సరిగా అమర్చితే చెవికి తేడా తెలియడం చాలా కష్టం. స్పీకర్లు, గది, వాటిని పెట్టిన చోటు తెచ్చే తేడా అంతకన్నా ఎన్నో రెట్లు. వయసుతో పాటు సన్నని స్వరాలు వినే శక్తి మనకు తగ్గుతుంది. కాబట్టి 192 కిలోహెర్ట్జ్ అని పెద్ద అంకె వేసినంత మాత్రాన అదనపు సొమ్ము పోయనక్కరలేదు.

నా సలహా ఇది. సొంత పాటలు మాత్రమే వినేవారికి పెన్‌డ్రైవ్ రంధ్రమున్న పెట్టె చాలు. నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో 64 జి.బి. పెన్‌డ్రైవులో 150 గంటలకు పైగా పాటలు పడతాయి. కంప్యూటరు పక్కనే కూర్చుని వినేవారు యు.ఎస్.బి. తీగ వాడండి. రెండు మూడు గదులలో వినాలన్నా, రేడియో కావాలన్నా నెట్‌వర్క్ మంచిది. వీలుంటే వై-ఫై కన్నా లాన్ తీగే నమ్మకం.

ఇక్కడ మరొక మాట మనవి చేయాలి. మనలో కొందరి ఇళ్ళలో ఇప్పుడు ఒక్కరే ఉంటున్నారు. పాస్‌వర్డు తెలిసిన మనిషి వెళ్ళిపోతే, మిగిలినవారి ముందు ఆ పెట్టె మూగదైపోతుంది. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకోవడానికి అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోను చేయవలసి రావడం ఎంత కష్టం! అందుచేత ఇంట్లో ఇద్దరూ నేర్చుకోండి. ఒకరు లేకుండా రెండోవారు ఒక్కరే నడిపి చూడండి. పాస్‌వర్డులు, మీటలు నొక్కే వరుస తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఫ్యామిలీ పెన్షను కాగితాల ఫైలులోనే పెట్టండి. నెట్‌వర్క్ పెట్టె కొన్నా పెన్‌డ్రైవ్ రంధ్రం కూడా ఉన్నదే కొనండి. ఒక దారి మూసుకుపోతే రెండోది ఉంటుంది.

అద్దెకు వినే పాటలు చందా కట్టినన్నాళ్ళే మనవి. మన అమ్మ పాడిన మంగళహారతి, నాన్నగారి పద్యం ఏ కంపెనీ దగ్గరా దొరకవు. అవి పాత క్యాసెట్లలో ఉంటే ఆలస్యం చేయకండి. టేపు పూత పాడవుతుంది, వాయించే యంత్రాలూ అరుదవుతున్నాయి. ఫైళ్ళుగా మార్పించి రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి పిల్లల దగ్గర ఉంచండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఏ రంధ్రానికి తగిలించినా, మన చేత్తో మనం పెట్టుకుని వినగలిగిన పాటే మనది.