చలనచిత్రము - దాని జమాఖర్చు



ఉప్పల్‌ను ఆనుకొనియున్న నాచారమున 1976లో నందమూరి తారకరామారావుగారు రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిరి. 1977 సంక్రాంతికి విడుదలయిన ‘దానవీరశూరకర్ణ’ అచ్చట రూపొందినది. నిర్మాత, దర్శకుడు, మూడు ప్రధానపాత్రల ధారి ఆయనయే. స్థలము, సెట్లు, నటన ఒక్కచేతిలోనుండుటచే ఖర్చు అదుపులో నుండును; నష్టము వచ్చినచో పంచుకొనువాడు మాత్రము ఉండడు.

అమెరికాలో పూర్వపు పద్ధతి ఇట్టిదే, కాని మిక్కిలి పెద్దది. అయిదు మహాసంస్థలు చిత్రములను తామే తీసి, తామే పంచి, తమ థియేటర్లలో ఆడించుకొనెడివి. నటులు ఏడేండ్ల ఒడంబడికలతో జీతముపై నుండిరి. ఒక చిత్రము నష్టమును మరియొకటి పూడ్చెడిది. మంచి చిత్రము కావలసిన థియేటరువాడు చూడని చిత్రములనుగూడ మూటగా కొనవలసివచ్చెడిది. 1948 మే 3న అక్కడి సుప్రీంకోర్టు ఇది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. సంస్థలు థియేటర్లను వదలుకొనవలసివచ్చెను. అంతలో టెలివిజను ఇంటింట వెలసెను. అప్పటినుండి ప్రతి చిత్రము వేరు వ్యాపారమయ్యెను. ఒడంబడికలు సడలగా తారల వెల పెరిగెను. 1975లో ‘జాస్’ ఒకేరోజున నాలుగువందలకు పైగా థియేటర్లలో విడుదలయిన పిమ్మట మొదటివారమే చిత్రభవిష్యత్తును నిర్ణయించు ఆచారము బలపడినది. 1980 దశకమున కేసెట్లు, పిదప డిస్కులు ఆదాయమును ఆదుకొనినవి. 2007లో నెట్‌ఫ్లిక్స్ తన చిత్రములను అంతర్జాలముద్వారా ఇంటికి పంపుట ప్రారంభించినది. క్రమముగా డిస్కుల రాబడి క్షీణించినది. 1948నాటి తీర్పు ననుసరించి విధించిన కట్టుబాట్లను 2020లో న్యాయస్థానమే తొలగించినది.

ఈ గాలి మనకును సోకినది. పూర్వము కొద్ది ప్రింట్లే పట్టణమునుండి పట్టణమునకు, తుదకు టూరింగ్ టాకీసులకు చేరెడివి. నైజాం, ఆంధ్ర, సీడెడ్ ప్రాంతములకు హక్కులు కొన్నవారు నూరుదినముల పండుగకై ఎదురుచూచెడివారు. నేడు డిజిటలు విధానమున ఊరూర ఒకేదినమున విడుదల. వారము తిరుగకమునుపే లాభనష్టములు తేలిపోవును. పెద్ద చిత్రములకు తొలిదినములలో టికెట్టు ధర పెంచుకొనుటకు ప్రభుత్వము అనుమతించిన సందర్భములు గలవు. ఆ ధర చెల్లించునది సామాన్య కుటుంబము. చిన్న చిత్రమునకు మాటపాకి ప్రేక్షకులు వచ్చుసరికి థియేటరే మారిపోవును.

గ్రంథాలయమున పుస్తకము పాతికేండ్లయినను అలమారలో పాఠకునికై వేచియుండును. వారముదినములైనను వేచియుండలేని కళకు వ్యాపారమే యజమాని యగును. మంచి చిత్రమును మొదటివారముననే ఆదరించుట ఇప్పుడు ప్రేక్షకుని కర్తవ్యము.