పండ్లతోటలకు విషము లేని రక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు సభలో నేను కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో మాటలాడుదునని మీలో కొందరు తలంచియుందురు. నేడు పురుగులను గూర్చి మాటలాడదలచితిని. ఈ బల్లలయొద్ద కూర్చుండి చదువువారిలో తోటలుగలవారే పెక్కురు. చదివినది తోటకు పనికిరానిచో ఆ చదువులో ఏదో కొరత యున్నదనియే నా యభిప్రాయము.

మనది చెలకనేల, వాన తక్కువ. అట్టి నేలలో బత్తాయిని పెంచి నల్లగొండకు పేరు తెచ్చినవారు మన రైతులు. పాలమూరు వైపున కొల్లాపురము మామిడికి అట్టి పేరే కలదు. 2016లో కొల్లాపురము నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది గాని, పురుగులకు జిల్లాల హద్దులు లేవు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారిని కన్నులార చూచిన జిల్లా మనది. భూమిలోనుండి వచ్చిన ఆ కీడు మనము కోరి తెచ్చుకొన్నది కాదు. పురుగుమందునో, మనమే డబ్బిచ్చి కొని, మన బావులచుట్టు మన చేతులతోనే చల్లుకొనుచున్నాము.

నా తప్పును ముందుగా చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట భాద్రపదమాసమున మా తోటలో రంగు తిరుగుచున్న బత్తాయిలు రాలజొచ్చినవి. ప్రతిపండుపైనను సూదితో పొడిచినట్లు రంధ్రము. దానిచుట్టు మెత్తబడిన మచ్చ. దుకాణములో చెప్పినట్లు మూడుమారులు మందు కొట్టించితిని. రాలుట ఆగలేదు. మందు కొట్టిన మనిషి తల తిరిగి గట్టుపై కూలబడెను, దైవకృపచే కోలుకొనెను. ఏడాది లెక్క వ్రాయునపుడు మందుల ఖర్చు వ్రాసితిని గాని, ఆతని యింటివారు పడిన భయమును ఏ పద్దున వ్రాయవలెనో నాకు తెలియలేదు.

పిదప ఈ గ్రంథాలయములోని వ్యవసాయపు పుస్తకమొకటి చదివి, రాత్రివేళ టార్చిలైటుతో తోటలోనికి పోయితిని. పండ్లపై వ్రాలిన పెద్ద రెక్కలపురుగుల కన్నులు వెలుతురులో నిప్పుకణములవలె మెరసెను. ఇది రసము పీల్చు రెక్కలపురుగు. గట్టి తొండముతో పండుతోలును చీల్చి రసము త్రాగును. ఆ రంధ్రమున బూజుచేరి పండు కుళ్లి రాలును. పగలు ఇది తోటలో కానరాదు. దీని గొంగళిపురుగు బత్తాయి ఆకును ముట్టదు. కంచెలపై ప్రాకు తిప్పతీగ, దూసరితీగల ఆకులను మేసి పెరుగును. శత్రువు నా కంచెపై పుట్టి పెరుగుచుండగా, నేను తినెడు పండుపై విషము చల్లితిని!

అమరకోశము తిప్పతీగకు చెప్పిన పేర్లలో అమృత యనునది యొకటి, ఛిన్నరుహ యనునది యొకటి. ఈ పేర్లను కంఠస్థము చేసితిని గాని అర్థమును ఆలోచింపలేదు. ఛిన్నరుహ యనగా నరికినను మొలచునది. కొడవలితో కోసిన చాలదు, వేరుతో పెకలింపవలెను. తెగిన ముక్కను కంచెపై విడిచినను అది వేరు దించి బ్రతుకును. అయినను అది అమృతయే. ఔషధమునకు కావలసినంత తోటకు దూరముగా పెరటిలో ఉంచుకొని, గొంగళులను ఏరివేయుచుండవచ్చును.

దీనితోపాటు రాలిన పండ్లను ఏనాటివానిని ఆనాడే ఏరి గోతిలో పూడ్చవలెను. ప్రొద్దుగ్రుంకగానే తోటలో పొగ వేయవలెను. ఈ పొగ క్రొత్త ఉపాయము కాదు. సురపాలుడను పండితుని వృక్షాయుర్వేదము వస, వాయువిడంగములు, తెల్లావాలు మొదలగువాని పొగను చెట్ల పురుగులకు చెప్పినది. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయములో నిలిచియుండగా, దానిని తెప్పించి 1996లో మన సికింద్రాబాదులోనే అనువాదముతో ప్రచురించిరి. గ్రంథాలయము కాపాడినది గనుకనే ఆ విద్య మనకు మిగిలినది.

తక్కిన పురుగులకును ఇదే న్యాయము. మామిడిలో పండుఈగ పిల్లలు పండులో పెరిగి, నేలలో కోశస్థదశ గడుపును. కావున రాలిన పండ్లను లోతుగా పూడ్చుట, వేసవిలో చెట్లక్రింద దున్నుట, మగఈగలను ఆకర్షించు మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు కట్టుట మేలు. పిండినల్లి పిల్లలు నేలనుండి మ్రానుపై ప్రాకును. మార్గశిరమునకే మ్రానుచుట్టు జానెడు మించిన వెడల్పున ప్లాస్టిక్ పట్టా బిగించి, అడుగుఅంచున గ్రీజు పూసినచో అవి పైకి పోజాలవు. బత్తాయి చిగుళ్లలో వంకరగీతలు గీయు ఆకుతొలుచు పురుగునకు వేపగింజల కషాయము చాలును. 5 కిలోల గింజలపొడిని మూటగట్టి రాత్రి నీట నానబెట్టి, పిసికి వడగట్టి, కొంచెము సబ్బు చేర్చి 100 లీటర్లు చేసి సాయంకాలమున చల్లవలెను.

పురుగులన్నియు శత్రువులు కావు. 1888లో అమెరికాలోని కాలిఫోర్నియా నారింజతోటలను పొలుసుపురుగు నాశనము చేయుచుండగా, ఆస్ట్రేలియానుండి తెచ్చిన అక్షింతల పురుగులు వానిని తిని తోటలను నిలబెట్టినవి. క్రీ.శ. 304 నాటిదిగా చెప్పబడు చీనా గ్రంథమొకటి నారింజతోటల కాపలాకు చెట్టుచీమల గూళ్లను సంచులలో అమ్ముచుండిరని తెలుపుచున్నది. మన మామిడి ఆకులను కుట్టి గూడుకట్టు ఎఱ్ఱచీమలు ఆ జాతివే. విచక్షణలేక కొట్టిన మందు ఈ మిత్రులనే ముందు చంపును. మిత్రులు పోయినచో నల్లి రెచ్చిపోవును. బత్తాయికి మంగు పట్టును.

ఈ ఉపాయములతో పురుగు ఒక్కటియు మిగులదని నేను చెప్పను. రెక్కలపురుగు దూరమునుండి ఎగిరివచ్చును. గుట్టల ప్రక్కనున్న తోటలకు బాధ ఎక్కువ. అందుచేతనే ఒక్కని కంచె శుభ్రమైన చాలదు. ప్రతియేడు ఆషాఢమున ఒకనాడు ఊరివారమందరము కలిసి కంచెలలోని ఆ తీగలను పెకలింతము. ఇంకొక విన్నపము. గ్రంథాలయమున ఒక పుస్తకము ఉంచుదము. ఏ తోటలో ఏ పురుగు ఎన్నడు కనబడెనో, ఏమి చేసితిమో, ఫలించెనో లేదో, ఎవరి తోట సంగతి వారు అందులో వ్రాయవలెను. తప్పిన సంగతియు దాచక వ్రాయవలెను. మొదటి పుటలో నా మూడు మందుల కథను నేనే వ్రాసెదను. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము మన పిల్లలకు ఉపయోగపడవలెనని కోరుచున్నాను.