పండుగనాడు చెవులు మూసుకునే బిడ్డ



సర్వ స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

రంజాన్ పండుగ సమీపిస్తున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో జుమా ప్రసంగానికి వెళ్ళినపుడల్లా ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు మమ్మల్ని కలుస్తున్నారు. బిడ్డను చూపించడానికి తెల్లవారకముందే బెంగుళూరు నిమ్హాన్స్‌కు బయలుదేరేవారు వారిలో ఉన్నారు. అయితే ఆ కుటుంబాలు ఈద్‌గాహ్‌లో కనిపించవు. అందుకు మా తప్పు కూడా కొంత ఉన్నది.

గత పండుగనాడు ఖుత్బా మధ్యలో ఒక బాలుడు చెవులు మూసుకొని కేకలు వేశాడు. పిల్లలను అదుపులో ఉంచుకోండని మేము మైకులోనే అన్నాము. తండ్రి ఆ బిడ్డను ఎత్తుకొని, తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆ బాలుణ్ణి బాధించినది మా మైకేనని తరువాత తెలిసింది.

ఆటిజం పెంపకంలోని లోపం వల్ల వచ్చేది కాదు. జిన్నుల ప్రభావమూ కాదు. తాయెత్తులకు డబ్బు పోస్తున్నవారు ఈ మాట గమనించాలి. అది మెదడు ఎదుగుదలలోనే ఉన్న భేదం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా దానిని గుర్తించింది. ఇటువంటి బిడ్డలలో చాలామందికి శబ్దం, స్పర్శ, వాసన మనకన్నా తీవ్రంగా తాకుతాయి. కొత్త కుర్తా మెడ దగ్గరి లేబులు ముల్లులా గుచ్చుకుంటుంది. మనం ప్రేమతో పూసే అత్తరు ఊపిరాడనీయదు. వరుసగా పదిమంది చేసే ఆలింగనం భయపెడుతుంది. ఆ కేకలు మొండితనం కాదు, బాధ.

దైవప్రవక్త (సఅసం) నమాజును దీర్ఘంగా చేయించాలని సంకల్పించి నిలబడేవారని, పసిబిడ్డ ఏడుపు వినబడగానే ఆ తల్లి పడే వేదనను తలచి దానిని సంక్షిప్తం చేసేవారని సహీహ్ బుఖారీ తెలుపుతున్నది. ఆయన తల్లిని మందలించలేదు, బిడ్డను బయటకు పంపించలేదు. తన నమాజునే కుదించుకున్నారు. మేమేమో మైకు కూడా తగ్గించలేకపోయాము.

పండుగకు ఉన్నంతలో మంచి దుస్తులు ధరించాలి గాని, కొత్తవే కావాలన్న నియమం లేదు. బిడ్డకు అలవాటైన మెత్తని చొక్కానే శుభ్రంగా ఉతికి తొడగండి. కొత్తది తొడగాలనుకుంటే ముందుగానే రెండు మూడుసార్లు ఉతికి, లేబులు కత్తిరించి, ఇంట్లో కాసేపు అలవాటు చేయండి. షీర్ ఖుర్మా జిగురు నోటికి పడకపోతే వాడికి ఇష్టమైన అన్నమే పెట్టండి. పండుగపూట ఇదేమిటని బంధువులు అంటే అననివ్వండి. నోటితో చెప్పిన సలాము కూడా సలామే. కౌగిలింతలు, ముద్దులు బిడ్డ తానుగా దగ్గరకు వచ్చినపుడే. ఎక్కడికి వెళ్తాము, ఎవరు వస్తారు, ఎప్పుడు తిరిగి వస్తాము అన్నది ముందురోజే ఫొటోలు చూపించి చెప్పండి. అతిథులు వచ్చే వేళకు ఇంట్లో ఒక గదిని నిశ్శబ్దంగా ఉంచండి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని వచ్చిన బిడ్డను ఎవరూ వింతగా చూడకూడదు.

ఈద్‌గాహ్ కమిటీతో మాట్లాడి, ఈసారి చివరి వరుస దగ్గరి స్పీకరును తీయిస్తున్నాము. ద్వారం పక్కనున్న స్థలం ఆ కుటుంబాలకే. ఖుత్బా మధ్యలో వారు లేచి వెళ్ళినా, మళ్ళీ వచ్చినా ఎవరూ తిరిగి చూడవద్దు.

ఆ తండ్రి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పండుగకు వస్తామని మాత్రం ఇంకా చెప్పలేదు.